దొంగ చీటీ చెల్లుతుంది, చేసిన పని చెల్లదు

హాజరు తగ్గిందా? ఏముంది, డాక్టరు దగ్గర చీటీ రాయించుకురా, పచ్చకామెర్లని రాయించు, ఎవరూ అడగరు. మా వీధిలో ఉండే డిగ్రీ అమ్మాయికి ఈ వారం తన కాలేజీ ఆఫీసులో దొరికిన సలహా ఇది. ఆ పిల్లకు జ్వరమూ లేదు, జబ్బూ లేదు. హైదరాబాద్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ బ్యాడ్మింటన్ టోర్నీలో వాలంటీరుగా పనిచేసింది. శిక్షణకు కొన్నాళ్లు, పోటీలకు కొన్నాళ్లు క్లాసులు పోయాయి. నిర్వాహకులు సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చిన ఉత్తరం పట్టుకెళ్లి చూపించింది. "అది మాకు లెక్కలోకి రాదమ్మా, మెడికల్ అయితే కండోనేషన్ రాస్తాం" అన్నారట. నిక్షేపంలా ఉన్న పిల్లను జబ్బుపడ్డానని అబద్ధం రాయించుకురమ్మంటారు, నిజంగా చేసిన పనికి పడిన సంతకాన్ని పక్కకు నెట్టేస్తారు. విన్న దగ్గర్నుంచీ నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆమె అక్కడ ఏం చేసిందో కొంచెం వివరంగా చెప్పాలి. వాలంటీరంటే గేటు దగ్గర నిలబడి మంచినీళ్ల సీసాలు అందించే మనిషని అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ అమ్మాయికి అప్పగించింది డోపింగ్ పరీక్షల దగ్గర చాపరోన్ పని. మ్యాచ్ ముగిసి క్రీడాకారిణి కోర్టు దిగగానే ఎదురెళ్లి, తన కార్డు చూపించి, పరీక్షకు మీరు ఎంపికయ్యారని చెప్పి, ఫారం మీద టైము వేసి సంతకం తీసుకోవాలి. అక్కణ్నుంచి పరీక్ష గదికి చేరేదాకా ఆ మనిషి కనుమరుగు కాకూడదు. ఓడిపోయి ఏడుస్తున్నా, ఫిజియో దగ్గర కాలు చాపుకుని పడుకున్నా, విలేకరులతో మాట్లాడుతున్నా, చాపరోన్ కళ్లు ఆమె మీదే ఉండాలి. దాహమంటే సీలు తీయని సీసాలు ముందు పెట్టాలి. అందులోంచి క్రీడాకారిణే ఒకటి తీసుకోవాలి, మూత ఆమే తిప్పుకోవాలి. మంచితనానికి పోయి మనం తిప్పి ఇచ్చినా తప్పే. గదిలోకి వెళ్లాక మిగతాది అధికారుల పని. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం, దాన్ని ఏ సీసా, బీ సీసాల్లోకి పంచడం, సీసాల మీది నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనని క్రీడాకారిణి చేతే సరిచూపించడం. ఈ మొత్తంలో ఎక్కడ పట్టు సడలినా రేపు ఆ కేసు విచారణలో నిలబడదు.

ఆ అమ్మాయి చదివేది బయోకెమిస్ట్రీ. ల్యాబ్ రికార్డులు సీనియర్ల దగ్గర తెచ్చుకుని చూసి రాసేసే చదువులో, ఒక నమూనా చేతులు మారే ప్రతిచోటా కాగితం ఎందుకుండాలో ఆమెకు అక్కడ తెలిసింది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు కూడా రాని విదేశీ క్రీడాకారిణికి, అదీ ఓడిపోయిన పది నిమిషాలకు, గౌరవం తగ్గకుండా నియమం చెప్పి ఒప్పించింది. ఇంతకన్నా చదువేముంది? దీనికి హాజరు వేయని రిజిస్టరు దేనికి?

ఒలింపిక్స్ జరిపిన దేశాలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ వాలంటీర్లలో అత్యధికులు అక్కడి విశ్వవిద్యాలయాల విద్యార్థులే. 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ కోసం రష్యా 17 నగరాల్లో 26 వాలంటీరు శిక్షణ కేంద్రాలు పెడితే, అవన్నీ విద్యాసంస్థల్లోనే. టోక్యో ఒలింపిక్స్‌కు రెండేళ్ల ముందే, 2018లో, జపాన్ విద్యాశాఖ అక్కడి విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాసింది: విద్యార్థులు పనిచేయడానికి వీలుగా తరగతులూ పరీక్షలూ సర్దుకోవచ్చని. అక్కడి మంత్రిత్వశాఖ క్యాలెండరునే జరుపుతానంది. ఇక్కడ గుమాస్తా బల్ల దాటి ఒక ఉత్తరం ముందుకు కదలదు.

నిజమే, జపాన్‌లో ఆ ఉత్తరం మీద పెద్ద గొడవ జరిగింది. జీతం లేకుండా పిల్లల చేత పని చేయించుకోవడమేమిటని చాలామంది నిలదీశారు. టోక్యోలో 80 వేలమంది వాలంటీర్లకు రోజుకు ఇవ్వజూపింది దారిఖర్చుల కింద వెయ్యి యెన్లు. ఆ ప్రశ్న న్యాయమైనదే, నేనూ అదే అడుగుతాను. 2022తో ముగిసిన నాలుగేళ్లలో ఫిఫాకు వచ్చిన రాబడి 750 కోట్ల డాలర్ల పైమాటే. ఆ ఏడాది ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పును నడిపించిన 20 వేలమంది వాలంటీర్లకు జీతం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ప్రభుత్వ విద్యార్థి వసతిగృహాల్లో సుమారు 3 వేల గదులు ఖాళీ చేయించి, విద్యార్థుల చేతిలో 100 యూరోలూ రెండు టిక్కెట్లూ పెట్టారు. అంతకు చాలా ముందే మనమూ ఆ పని చేశాం. 2010 కామన్వెల్త్ క్రీడల పేరు చెప్పి ఢిల్లీ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి పిల్లల్ని పెట్టేబేడాతో బయటికి పంపాం.

ఆ ఢిల్లీ క్రీడల్లోనే ఎంపికైన 22 వేలమంది వాలంటీర్లలో సుమారు 10 వేలమంది పోటీలు మొదలయ్యే ముందు మానేశారు. ట్రాక్‌సూట్లు, బూట్లు పట్టుకుని ఉడాయించారని అప్పట్లో పిల్లల్ని ఆడిపోసుకున్నారు. శిక్షణ సరిగా ఇవ్వలేదనీ, ఇచ్చిన పని నచ్చలేదనీ కూడా అప్పుడే బయటికొచ్చింది, కానీ జనానికి గుర్తుండిపోయింది బూట్ల సంగతే. చేసే పని మీద గౌరవం కలిగిస్తే పిల్లలు ఎండలో, ఆకలితో కూడా నిలబడతారు. ఏ గేటుకు వెళ్లాలో చెప్పే నాథుడు లేకపోతే ఎవరు నిలబడతారు?

ఇప్పుడు 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కూడా మాకే కావాలంటున్నాం. స్టేడియాల నమూనా బొమ్మలు ఇప్పటికే కళ్లకు కట్టినట్టు చూపిస్తున్నారు. పిల్లల మాట కూడా ఇప్పుడే తేల్చాలి: పడుకోను చోటు, రెండు పూటలా తిండి, పని చేసిన గంటలకు క్రెడిట్లు, ఆ రోజులకు హాజరు. రాత్రి మ్యాచ్ పదకొండింటికి ముగిస్తే ఆడపిల్లల్ని ఇంటిదాకా దింపే బండి. ఇది మరీ ముఖ్యం. గచ్చిబౌలిలో ఆ వేళ పని ముగించుకుని ఎల్బీనగర్ వెళ్లాల్సిన అమ్మాయి ఫోన్‌లో క్యాబ్ ధర చూసుకుంటూ ఒంటరిగా రోడ్డు మీద నిలబడటానికి వీల్లేదు.

హాజరు మాట వదిలిపెట్టను. 75 శాతం, 75 శాతం అని ప్రాణం తీస్తారు. వేలిముద్ర, ముఖం ఫొటో, అన్నీ పెట్టారు. పిల్లవాడు బెంచీ మీద ఉన్నాడా లేదా అన్నదొక్కటే వాటికి పట్టేది, బుర్రలోకి ఏమైనా వెళ్లిందా అన్నది కాదు. సేవకు మన దగ్గర చోటు లేదా అంటే, ఉంది. గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్, మొదలైంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు సమాజం కోసం పనిచేయాలని నియమం. గొప్ప నియమం. దాన్ని చాలా కాలేజీలు ఏం చేశాయి? బ్యానరు కట్టు, చీపురు పట్టు, ఫొటో దిగు, రిజిస్టరులో గంటలు నింపు. చేయని ఆ గంటలకు సర్టిఫికెట్ వస్తుంది. నిజంగా రాత్రింబవళ్లు నిలబడ్డ పిల్లకు మాత్రం రాదు.

అలా నిలబడి చేసే పనిలో ఎంత చదువుందో ఇంకోచోట చూడండి. 2025లో ఢిల్లీలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ జరిగితే మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్ల టీ20 పరుగులో రజతం గెలిచింది. టీ20 అంటే మేధో వైకల్యం ఉన్నవారి విభాగం. అలాంటి అథ్లెట్‌కు ఎప్పుడు ఏ గదిలోకి వెళ్లాలో తొందరపెట్టకుండా, చిన్న చిన్న మాటల్లో, అవసరమైతే మళ్లీ మళ్లీ చెప్పగలగాలి. సైకాలజీ, సోషల్ వర్క్, స్పెషల్ ఎడ్యుకేషన్ చదివే మన పిల్లలకు ఇంతకు మించిన ప్రాక్టికల్స్ ఏ కాలేజీ పెట్టగలదు?

పెట్టడానికి చోటేదీ? అసలు రోగం ఇదే. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007 ప్రపంచ సైనిక క్రీడలు జరిపిన ఊరు మన హైదరాబాద్. ఆ ఊళ్లోనే ఇంటర్ కాలేజీలు నాలుగంతస్తుల వాణిజ్య భవనాల్లో నడుస్తున్నాయి. కింద బట్టల దుకాణం, పైన ఫిజిక్స్. బంతి అన్నది కంటికి కనపడకుండా రెండేళ్లు గడుస్తాయి. ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో చేరితే అక్కడా వ్యాయామ ఉపాధ్యాయుడికి అప్పజెప్పేది ఫీజు వసూలో, ఫెస్టు రోజు గేటు కాపలాయో. ఆట ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడటానికి పిల్లలు వాలంటీర్లుగా స్టేడియాలకు వెళ్లాల్సి వస్తోంది, ఆ వెళ్లిన పాపానికి డిటెన్షన్ జాబితాలో పేరెక్కుతోంది.

ఈసారి అఫిలియేషన్ తనిఖీకి వెళ్లే పెద్దలు టేపు వెంట తీసుకెళ్లండి. కాగితంలో చూపించిన ఆటస్థలం పొడవూ వెడల్పూ మీరే కొలవండి, గోల్‌పోస్టు ఉందో లేదో చూడండి, సాయంత్రం నాలుగు దాకా అక్కడే ఉండి పిల్లల్ని అందులోకి వదులుతున్నారో లేదో చూసి రండి. కాలేజీ బస్సులు నిలిపే జాగాను ఆటస్థలమని రాసి సంతకం పెట్టకండి.