గ్యాసు అయిపోదు, కారిపోతుంది

వేసవి వచ్చిందంటే విశాఖపట్నంలో కార్లున్నవారి నోట తరచు వినబడే మాట ఒకటుంది: "ఏసీలో గ్యాసు అయిపోయింది, నింపించాలి." మెకానిక్ షెడ్డుకు వెళతారు. గ్యాసు నింపించి, డబ్బిచ్చి వచ్చేస్తారు. కారు చల్లబడుతుంది. మరుసటి వేసవికి మళ్ళీ అదే మాట, అదే ఖర్చు. పెట్రోలు పోయించుకున్నట్లే ఏసీకి గ్యాసు కూడా ఏటేటా నింపించవలసిందేనని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం తప్పని, దీనివల్ల జేబుకూ గాలికీ కూడా నష్టమని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

చేతిమీద కొంచెం స్పిరిట్ రాసుకుంటే చల్లగా ఉంటుంది కదా! ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల నుండి వేడిని తీసుకుంటుంది. దీనినే మీరు బాష్పీభవన గుప్తోష్ణం అనే పేరుతో చదువుకున్నారు. నేడు మన రోడ్లమీద ఉన్న చాలా కార్ల ఏసీలలో ఆర్-134ఎ అనే పదార్థం ఉంటుంది. మామూలు వాతావరణ పీడనం వద్ద ఇది సుమారు -26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్‌లో ఇది ఆవిరై, కారు లోపలి గాలిలోని వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి పీడనం పెంచుతుంది. రేడియేటర్‌కు ముందు ఉండే కండెన్సర్‌లో అది తన వేడిని బయటి గాలికి ఇచ్చివేసి మళ్ళీ ద్రవమవుతుంది. తర్వాత ఒక సన్నని దారి గుండా తిరిగి ఎవాపరేటర్‌కు చేరుతుంది.

ఈ ప్రయాణమంతా మూసి ఉన్న గొట్టాలలోనే జరుగుతుంది. పెట్రోలు మండి, వేరే పదార్థాలుగా మారి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఏసీలోని గ్యాసు మండదు, మారదు, బయటికి పోయే దారి దానికి లేదు. పదార్థం నశించదని మీ పాఠంలోనే ఉంది. మరి గ్యాసు తగ్గిందంటే ఏమిటి అర్థం? ఎక్కడో కారిపోయిందన్నమాట!

ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. దానికి ఏటేటా గ్యాసు నింపించేవారిని చూశారా? ఫ్రిజ్‌లో కంప్రెసర్, దానిని తిప్పే మోటారు రెండూ ఒకే మూసిన డబ్బాలో ఉంటాయి. గొట్టాలు లోహంతో చేసినవి. పెట్రోలు, డీజిలు కార్లలో చాలావరకు కంప్రెసర్‌ను ఇంజను బెల్టు తిప్పుతుంది. కాబట్టి దాని ఇరుసు బయటికి రావాలి. ఆ చోట సీలు ఉండాలి. ఇంజను అదురుతుంది కనుక కొన్ని గొట్టాలు రబ్బరువి కావాలి. అతుకుల వద్ద రబ్బరు రింగులుంటాయి. ఇవన్నీ వయసుతో గట్టిపడి బీటలు వారుతాయి. రబ్బరు గుండా కొద్దికొద్దిగా గ్యాసు పోవడం సహజమే. కాని అందువల్ల చల్లదనం తగ్గడానికి కొన్నేళ్ళు పడుతుంది. ప్రతి వేసవికీ నింపవలసి వస్తోందంటే అది లీకే.

మన ఊరికి మరో చిక్కు ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు కండెన్సర్ అల్యూమినియం రేకులను, అతుకులను తినివేస్తుంది. ఓడరేవులోని బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఆ రేకుల మధ్య పేరుకుంటుంది. అప్పుడు వేడి బయటికి పోదు, గ్యాసు నిండుగా ఉన్నా కారు చల్లబడదు! లోపలి ఫిల్టరు మూసుకుపోయినా, బెల్టు వదులైనా అంతే. అందుచేత చల్లదనం తగ్గిందనగానే గ్యాసుమీద నేరం మోపడం సరికాదు. నెలకోసారి కండెన్సర్‌ను మామూలు నీటితో, మెల్లని ధారతో కడిగితే సగం బాధ తీరుతుంది. చలికాలంలో కూడా వారానికి కొన్ని నిమిషాలు ఏసీ వేయాలి. గ్యాసుతోపాటు తిరిగే నూనె అప్పుడే సీళ్ళను తడిగా ఉంచుతుంది.

నూనె అన్నాను కదా, లీకును పట్టించేది కూడా అదే. గ్యాసు పోయిన చోట జిడ్డు మరక మిగులుతుంది. సబ్బునీరు రాస్తే బుడగలు వస్తాయి. గొట్టాలలోకి ఒక ప్రత్యేకమైన రంగు ఎక్కించి, అతినీలలోహిత దీపంతో చూస్తే కారిన చోటు మెరుస్తుంది. లీకు బాగుచేశాక పంపుతో గొట్టాలలోని గాలినంతా లాగివేస్తారు. పీడనం అంతగా తగ్గితే లోపలి తేమ మామూలు వేడికే మరిగి వెళ్ళిపోతుంది. తర్వాత మీటరు ముల్లు కదలకుండా నిలిస్తే లీకు లేనట్లే. అప్పుడు బానెట్ కింద చీటీపై రాసి ఉన్నన్ని గ్రాముల గ్యాసును తూచి నింపాలి. ఇదీ అసలైన మరమ్మతు. ఈ పని మీరు మాత్రం చేయబోకండి. చర్మంపై పడితే ఆ ద్రవం మాంసాన్ని గడ్డకట్టిస్తుంది. మంటకు తగిలితే విషవాయువులు పుడతాయి.

"లీకు వెతకడానికి పూట పడుతుంది. ట్యాక్సీ ఆగితే ఆ రోజు సంపాదన ఎవరిస్తారు?" అని డ్రైవర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని గ్యాసు తక్కువైతే నూనె కూడా సరిగా తిరగదు. చివరికి కంప్రెసర్ బిగుసుకుపోతుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు రెండు ఖర్చులకూ ఎన్నో రెట్లు. మెకానిక్‌నే తప్పుపట్టడమూ న్యాయం కాదు. గ్యాసుకు అడిగినంత ఇస్తాం. లీకు వెతికిన శ్రమకు మాత్రం బేరమాడుతాం. వెతకనివాడికే లాభం చూపిస్తే ఎవరు వెతుకుతారు?

ఇక కారిపోయిన గ్యాసు సంగతి. పూర్వం కార్లలో ఆర్-12 వాడేవారు. ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను నాశనం చేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మనదేశం 1992లో అందులో చేరింది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు. కాని నూరేళ్ళ లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడుకన్నా సుమారు 1,300 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఒక కారులో అర కిలో ఉందనుకోండి. అది గాలిలో కలిస్తే 650 కిలోల కార్బన్ డయాక్సైడు వదిలినట్లే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు వస్తుంది. అంటే దాదాపు 280 లీటర్లు కాల్చినట్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున, విశాఖ నుండి హైదరాబాదుకు మూడుసార్లు వెళ్ళివచ్చినా ఇంకా మిగులుతుంది. కారు అంగుళం కదలకుండానే ఇంత నష్టం!

ఈ నియమం హీటరుకూ వర్తిస్తుంది. లంబసింగి చలిలో కారును వెచ్చబరిచేది ఇంజనును చల్లబరిచే నీరే. ఆ నీరు మాటిమాటికీ తగ్గుతుంటే, పోస్తూ కూర్చోవడం మరమ్మతు కాదు.

కాబట్టి నేను కోరేవి మూడు. లీకు చూడకుండా గ్యాసు నింపమని ఎవరూ అడగకూడదు. వెతికిన శ్రమకు వేరుగా, సంతోషంగా కూలి ఇవ్వాలి. గొట్టాలు విప్పేటప్పుడు మిగిలిన గ్యాసును గాలికి వదలకుండా సిలిండరులోకి పట్టే యంత్రం చిన్న షెడ్లకు కూడా అందాలి. గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల పదిమందీ కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

మీలో కొందరు రేపు కంచరపాలెం ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో చేరి ఈ పనే నేర్చుకుంటారు. మిగిలినవారు ఆ షెడ్డుకు కారు తీసుకువెళతారు. ఎవరైనా "గ్యాసు అయిపోయింది" అంటే వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఎక్కడికి పోయింది?"