దారి ఎందుకు మారుతున్నట్టు?

గుణదల, మొగల్రాజపురం, పటమట... విజయవాడలో ఏ వీధికి వెళ్లినా పదో తరగతి పాసైన పిల్లల్ని పెద్దలు అడిగేది ఒకటే. ఎంపీసీయా, బైపీసీయా? పదిహేనేళ్ల వయసులో చెప్పిన ఆ ఒక్క మాటతో బండి పట్టాలెక్కుతుంది. ఇంటర్, ఈఏపీసెట్, ఇంజినీరింగ్, క్యాంపస్ సెలక్షన్, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం... అన్నీ వరసగా జరిగిపోతాయి. మధ్యలో ఎవరూ 'ఎందుకు' అని అడగరు. పన్నెండేళ్లు గడిచాక, ఇరవై ఏడో ఏట, ఆ ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. అదీ ఎంబీఏ దరఖాస్తులో!

ఇప్పటిదాకా ఏం చేశారు? ఇకమీదట ఏం చేయాలనుకుంటున్నారు? దానికి ఎంబీఏ ఎందుకు, అదీ ఇప్పుడే ఎందుకు? మాటలు మారినా బిజినెస్ స్కూళ్లు వ్యాసంలో అడిగేది ఇదే. జవాబుకు ఇచ్చే చోటు చాలాసార్లు మూడు నాలుగు వందల పదాలే. ఉన్న రంగంలోనే పైకి ఎదుగుదామనుకునేవారికి ఇది పెద్ద కష్టం కాదు. రంగమే మారదామనుకునేవారికే చిక్కంతా. ఐదేళ్లు కోడ్ రాసినవారు బ్యాంకింగ్‌లోకి వెళ్తామంటే, మందుల కంపెనీలో పనిచేసినవారు చదువుల వ్యాపారం పెడతామంటే, చదివేవారికి సహజంగానే అనుమానం వస్తుంది. అది తీర్చాల్సింది ఆ నాలుగు పేరాలే.

ఎక్కడ అడుగుతారు?

ఐఐఎంల రెండేళ్ల కోర్సుకు ముందు క్యాట్ దాటాలి. 'ఇంజినీరింగ్ చదివి ఇటెందుకు వస్తున్నారు' అనే ప్రశ్న అక్కడ ఎక్కువగా ఇంటర్వ్యూలో ఎదురవుతుంది. 2001లో హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సు, 2006లో ఐఐఎం అహ్మదాబాద్ ప్రారంభించిన పీజీపీఎక్స్ వంటివి ఉద్యోగానుభవం ఉన్నవారి కోసం పెట్టినవి. ఇలాంటి కోర్సులకు మార్కులతో పాటు మనిషి కథ కూడా కావాలి. విదేశాల్లో అయితే ఇది మరీ ఎక్కువ. అన్నిటికంటే మీకు ముఖ్యమైనది ఏది, ఎందుకు అని స్టాన్‌ఫర్డ్ ఏళ్ల తరబడి అడుగుతోంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ చాలాకాలం పాటు ఒకే పెద్ద వ్యాసం రాయమనేది. 2024లో దాన్ని మూడు చిన్న వ్యాసాలుగా మార్చింది. అందులో ఒకటి, మీ అనుభవాలు మీ కెరీర్ నిర్ణయాలను ఎలా మలిచాయో చెప్పమంటుంది.

ఎందుకింత పట్టింపు? స్కూలుకు రెండు భయాలుంటాయి. ఒకటి, చదువయ్యాక ఈ అభ్యర్థికి కోరుకున్న రంగంలో ఉద్యోగం దొరుకుతుందా? రేపు క్యాంపస్‌కు వచ్చే కంపెనీ కూడా ఇదే ప్రశ్న వేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈ వ్యక్తి ఒక పని కోసం వస్తున్నాడా, ఒక పని నుంచి పారిపోయి వస్తున్నాడా?

ఒక ఉదాహరణ

ఊహించుకుందాం. గుణదల కుర్రాడు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. అమెరికాలోని సూపర్ మార్కెట్ల సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాం అతని చేతుల మీదుగా వెళ్తుంది. మేనమామకు కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఇతనికి ఆక్వా రంగంలోకి వెళ్లాలని ఉంది. మొదటిసారి రాసిన వ్యాసం ఇలా ఉంది.

'టెస్టింగ్ పనిలో కొత్తదనం లేదు. చేసిందే చేయడం విసుగనిపించింది. నాకు చిన్నప్పటి నుంచీ వ్యాపారమంటే మక్కువ. నాయకత్వ లక్షణాలు పెంచుకుని సమాజంలో మార్పు తేవాలన్నది నా ఆశయం. ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే ముందుంది. కాబట్టి ఈ రంగంలో అవకాశాలు అపారం.'

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నమ్మకం కలగదు. మొదటి రెండు వాక్యాలు ఉన్న పనిని తిడుతున్నాయి. ఐదేళ్లు అన్నం పెట్టిన పనిని తీసిపారేసేవారు, రేపు ఇంకో పనిని తిట్టరని నమ్మకమేంటి? తర్వాతి రెండు వాక్యాలు ఎవరైనా రాయొచ్చు. పేరు మార్చి పక్కింటి అబ్బాయి పంపినా సరిపోతాయి. చివరి రెండూ పేపర్లో వచ్చే సంగతులు. టెస్టింగ్‌కూ రొయ్యలకూ మధ్య వంతెన మాత్రం ఎక్కడా లేదు.

అదే కుర్రాడు కూర్చుని, జరిగింది జరిగినట్టు రాశాడనుకోండి...

'సెలవులకు వెళ్లినప్పుడు మామయ్య ఆరు చెరువుల లెక్కలు చూసేవాణ్ని. మేత డీలరు దగ్గర అప్పు. పట్టుబడి నాడు కౌంట్‌ను బట్టి ధర. కిలోకు 50 తూగుతాయనుకున్నవి 60 తూగితే ఒక రేటు పోతుంది. చెరువులో జబ్బు కనిపించిందంటే ధర ఎంతున్నా ఆ రోజే పట్టేయాలి. దాచుకుందామంటే చల్లటి గిడ్డంగి లేదు. నా ఉద్యోగంలో ఒక పాల డబ్బా ఏ గిడ్డంగిలో ఎన్ని గంటలు ఉందో కంప్యూటర్‌లో చూస్తుంటాను. ఇక్కడ లక్షల సరుకు ఎవరి చేతిలో ఉందో కాగితం ముక్క కూడా ఉండదు. మేత, కౌంట్, ధర నమోదు చేయడానికి ఒక ఎక్సెల్ పట్టిక తయారుచేశాను. రెండు పంటలకు వాడాం. ఏ చెరువులో మేత వృథా అవుతోందో తెలిసింది. కానీ నలుగురు రైతులు కలిసి గిడ్డంగి కట్టుకోవాలంటే పెట్టుబడి ఎలా తేవాలో, ఎగుమతిదారుతో ధర ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. అది నేర్చుకోవడానికే ఈ దరఖాస్తు.'

మనిషి మారలేదు. ఉద్యోగం మారలేదు. కోరికా మారలేదు. వంతెన మాత్రం కనిపించింది. పాత పనిలో నేర్చుకున్నదేంటో, కొత్త పనిలో దాని అవసరం ఏంటో, మధ్యలో తెలియనిదేంటో... ఈ మూడూ ఉన్నాయి. ఎంబీఏ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ మూడోదే. తెలియనిది తెలియదని రాయడానికి చాలామంది భయపడతారు. నిజానికి అన్నీ తెలిసినవారికి కాలేజీతో పనేముంది?

పట్టిక తయారుచేయడం చిన్న పనే. కానీ అది చేసిన పని. 'మక్కువ' అనే మాట పది సార్లు రాసినా ఆ ఒక్క పట్టికకు సాటిరాదు. ఇంకా ఏమీ చేయలేదంటారా? దరఖాస్తు ఆర్నెల్లు ఆపి, శని ఆదివారాలు ఆ రంగంలో ఏదో ఒకటి చేసి చూడటం మేలు. వ్యాసానికే కాదు, ఆ పని తనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి కూడా.

రాసినట్టే జరగకపోతే?

చాలామందిని వేధించే సందేహం ఇది. ఇప్పుడు ఒక లక్ష్యం రాసి, రేపు ఇంకో దారిలో వెళ్తే మోసం చేసినట్టు కాదా? దీనికి సత్య నాదెళ్ల జీవితంలోనే జవాబుంది. హైదరాబాద్‌లో పెరిగి, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఆయన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వైపు వెళ్దామని ఆలోచించారు. ఎంబీఏకు దరఖాస్తు చేశారు. షికాగో యూనివర్సిటీలో సీటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే మైక్రోసాఫ్ట్ పిలిచింది. 1992లో అక్కడ చేరారు. షికాగో సీటును మాత్రం వదులుకోలేదు. పార్ట్‌టైమ్‌కు మార్చుకుని, వారాంతాల్లో విమానమెక్కి షికాగో వెళ్లి ఎంబీఏ పూర్తిచేశారు. 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఈ సంగతి ఆయనే చెప్పారు. బ్యాంకింగ్ వైపు వెళ్లనే లేదు. 2014లో మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ అయ్యారు.

అంటే లక్ష్యం బాండు పేపరు కాదు. రాసిన నాటికి అది నిజమైతే చాలు. అలాగని నోటికొచ్చింది రాయమని కాదు. ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలు లోతుగా వేస్తే నిజంగా ఆలోచించినవారెవరో, అప్పటికప్పుడు అల్లినవారెవరో తెలిసిపోతుంది.

హాల్లో కూర్చున్న కమిటీ

మన ఇళ్లలో దరఖాస్తుకు ముందే ఇంకో కమిటీ ఉంటుంది. పేరున్న స్కూల్లో ఏడాది కోర్సు ఫీజే ముప్పై లక్షలు దాటుతోంది. దానికి తోడు ఏడాది జీతం పోతుంది. బ్యాంకు అప్పు, ఇంటి పత్రాలు, చెల్లెలి పెళ్లి... అన్నీ లెక్కలోకి వస్తాయి. తండ్రి అడుగుతాడు, "ఉన్న ఉద్యోగానికి ఏమొచ్చిందిరా?" కొడుకు విసుక్కుంటాడు, "మీకు చెప్పినా అర్థం కాదులే నాన్నా!"

ఆ విసుగులోనే ఉంది అసలు సంగతి. తండ్రి అడిగిందీ, స్కూలు అడిగిందీ ఒకే ప్రశ్న. తండ్రికి చెప్పలేని కారణం పరాయివారికి అంతకంటే బాగా చెప్పగలరా? 'లీడర్‌షిప్', 'గ్లోబల్ ఎక్స్‌పోజర్' లాంటి మాటలు హాల్లో పనిచేయవు. దరఖాస్తులోనూ పనిచేయవు. అందుకే వ్యాసం రాయడానికి ముందు కారణాన్ని ఇంట్లో, అచ్చ తెలుగులో, పది నిమిషాల్లో చెప్పి చూడాలి. ఇంగ్లిష్ మాటల చాటు లేకుండా చెప్పగలిగితే కారణం గట్టిదే. ఎక్కడ నీళ్లు నమిలారో అక్కడే వ్యాసం కూడా బలహీనంగా ఉంటుంది.

పెద్దలు గుర్తుంచుకోవాల్సిందీ ఒకటుంది. ఎంపీసీ అని పదిహేనేళ్లప్పుడు అన్నది పిల్లలొక్కరే కాదు. ఇల్లంతా కలిసి అన్న మాటది. ఇప్పుడు మారతామంటే అది ఇంటిమీద తిరుగుబాటు కాదు. 'వద్దు' అనడం కంటే 'ఎందుకు' అని ఓపిగ్గా అడగడమే పిల్లలకు పెద్ద సాయం.

రాసేముందు...

* ఉద్యోగం పోయి ఉంటే దాచొద్దు. 2008 మాంద్యంలోనూ, 2022, 2023 సంవత్సరాల్లోనూ ఎందరో ఐటీ ఉద్యోగులకు అలా జరిగింది. ఒక్క వాక్యంలో చెప్పి, ఆ ఖాళీలో ఏం చేశారో రాయాలి.

* పాత పని మీద ఫిర్యాదులొద్దు. అది నేర్పినదేంటో రాయాలి.

* లక్ష్యం కంటికి కనిపించేలా ఉండాలి. 'వ్యాపారం చేస్తాను' కాదు... ఏ వ్యాపారం, ఎవరికోసం, మొదట ఏ ఉద్యోగంతో?

* సిఫారసు లేఖ రాసే పై అధికారికి ఈ మార్పు సంగతి ముందే చెప్పాలి. ఆయనొకటి, మీరొకటి రాస్తే రెండూ చెడతాయి.

* డబ్బిచ్చి రాయించుకోవడం, ఇంటర్నెట్‌లో నమూనాలు దించుకోవడం, కంప్యూటర్ చేత అల్లించుకోవడం వద్దు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. దొరక్కపోయినా, ఇంటర్వ్యూలో కూర్చోవాల్సింది మీరే.

* గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. మొదటి ప్రతి ఎప్పుడూ గొప్పగా ఉండదు. మూడోసారి రాసేటప్పటికి అసలు మాట బయటపడుతుంది.

కొందరికి మూడోసారి రాశాక ఇంకో నిజం బోధపడుతుంది. మార్చాల్సింది రంగం కాదు, కంపెనీ మాత్రమే అని. లేదా ఎంబీఏ లేకుండానే ఆ పని మొదలుపెట్టొచ్చని. అదీ నష్టమేమీ కాదు. ముప్పై లక్షలు, ఒక ఏడాది మిగిలినట్టే! సీటు వచ్చినా రాకపోయినా, ఇరవై ఏడో ఏట తన పనికి కారణం తనే చెప్పుకోగలగడం తక్కువ సంపాదన కాదు.