హద్దు రాయికి అప్పీలు ఉంది, మరి వాగుకో?

పైన వీడియోలో నేను ఒకే గట్టు మీద నిలబడి, ఫోన్‌లో మూడు ప్రభుత్వ పటాలు తెరిచి చూపించాను. ఏ శాఖవో పేర్లు చెప్పను, అది ఇక్కడ అనవసరం. ఒకదానిలో మా చేను పక్కన వాగు ఉంది. ఇంకోదానిలో అదే జాగా పోరంబోకు అని ఉంది, నీటి గీత లేదు. మూడోదానిలో వాగూ లేదు, పోరంబోకూ లేదు, పక్క చేనే మా గట్టు దాకా వచ్చేసింది. వానాకాలంలో మాత్రం ఆ వాగు మోకాలి లోతున పారుతుంది. దానికి పటంతో పని లేదు కదా!

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి పటాలతో పనేంటి అని కొందరు అడుగుతారు. మనకే ఎక్కువ పని అంటాను నేను. కందకం తవ్వాలన్నా, నీటి కుంట పెట్టాలన్నా ముందు వాలు ఎటుందో, పైనుంచి నీళ్ళు ఎవరి చేలోంచి వస్తాయో తెలియాలి. పీజీఎస్ సర్టిఫికెట్‌కి వెళ్ళినప్పుడు పక్క చేలో ఏం వేశారు, అక్కడి మందు నీళ్ళు మన చేలోకి దిగుతాయా, మధ్యలో ఎంత ఖాళీ వదిలారు అని చూస్తారు. వీటన్నిటికీ జవాబు పటంలోనే ఉండాలి. మూడు పటాలు మూడు మాటలు చెప్తే ఏది చూపించాలి?

భూమి హద్దుల విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పనే జరుగుతోంది, కాదనను. పాత ఎఫ్ఎంబీలు బ్రిటిషు కాలం గొలుసు కొలతలు. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఆ కాగితాలు చిరిగిపోయి, గట్లు జరిగిపోయి, వందేళ్ళు గడిచాక 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచి ప్రతి కమతానికీ ఎల్‌పీఎం ఇస్తున్నారు. సమస్యలు వచ్చాయి. అన్నదమ్ముల చేలు, అసలు సంబంధమే లేని ఇద్దరి చేలు ఒకే ఎల్‌పీ నంబర్‌లో కలిపేసిన జాయింట్ ఎల్‌పీఎంలతో ఎంతమంది తిరిగారో మీకు తెలుసు. పాసుపుస్తకం మీద బొమ్మ ఎవరిది ఉండాలి అన్న దాని మీద జరిగినంత చర్చ ఈ సంగతి మీద జరగలేదు, అది వేరే విషయం.

అయినా హద్దు తప్పైతే రైతుకు ఒక దారి ఉంది. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం కొలత తేలాక నోటీసు ఇవ్వాలి. నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. 13వ సెక్షన్ కింద తుది ప్రకటన వచ్చాక కూడా మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళొచ్చు. వందేళ్ళ కిందటి చట్టమే కానీ, ఎవరు గీశారు, ఎవరికి చెప్పుకోవాలి, ఎన్నాళ్ళలో చెప్పుకోవాలి అన్న మూడూ అందులో ఉన్నాయి.

మిగతా పటాలకు ఆ దారి ఏదీ? చెరువులు, కాలువలు, డ్రెయిన్లు జలవనరుల శాఖవి. భూగర్భ జలం లెక్కలు ఏపీ వ్రిమ్స్‌లో కనిపిస్తాయి. పంట ఈ-క్రాప్‌లో ఉంటుంది. అడవి హద్దు అటవీ శాఖది. ఉపగ్రహ చిత్రాల పని ఏపీ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌ది. అందరూ తలా ఒక పొర గీస్తారు. మంచిదే. కానీ ఒక చోట దిద్దితే మిగతా చోట్ల దిద్దినట్టు కాదు. వాగు తప్పుగా పడిందని ఏ కౌంటర్‌లో అర్జీ ఇవ్వాలో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలంగాణ సంగతీ చూడండి. రిజిస్ట్రేషన్‌కు పటం జత చేయాలని 2025 భూభారతి చట్టంలో రాసుకున్నారు. 2025లో అక్కడ అసలు నక్షాయే లేని ఊళ్ళు 400కు పైగా ఉండేవి.

ఈ-క్రాప్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. రాసిన పంటల జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు, తప్పుంటే చెప్పమంటారు. వాగుకీ, కుంటకీ, డొంకకీ అదే పని ఎందుకు చేయకూడదు? కర్ణాటకలో దిశాంక్ అనే యాప్ ఉంది. చేలో నిలబడి తెరిస్తే మీరు ఏ సర్వే నంబర్‌లో ఉన్నారో చెప్తుంది. హద్దు తగాదా తేల్చడానికి అది పనికిరాదు గానీ, మామూలు రైతు ప్రభుత్వ పటాన్ని తన కళ్ళతో చూసుకోగలుగుతున్నాడు. చూస్తేనే కదా తప్పు కనపడేది.

కేంద్రం కూడా 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ విధానం తెచ్చింది. ప్రజల సొమ్ముతో సేకరించిన పటాల సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలన్నది అందులోని మాట. ఇప్పుడు అగ్రిస్టాక్ వస్తోంది. రైతుల జాబితా, ఊరి పటాలు, వేసిన పంట, ఈ మూడూ కలిపేస్తారు. రేపు నష్టపరిహారం అయినా, సబ్సిడీ అయినా దీని మీదే నడిస్తే, అడుగున ఉన్న పటంలో తప్పు పైన ఉన్న అన్నిట్లోకీ పాకుతుంది. వేరు కుళ్ళితే ఆకుకు కషాయం కొట్టి లాభం లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక్కో పొరకు ఒక్క శాఖే బాధ్యత అని ప్రభుత్వం రాసివ్వాలి, మిగతా శాఖలు దాన్నే వాడాలి. పటం మీద ఎప్పుడు కొలిచారు, చివరగా ఎప్పుడు దిద్దారు అన్న తేదీ ఉండాలి. సచివాలయంలో తప్పు చెప్తే రసీదు ఇవ్వాలి, గడువు చెప్పాలి. గడువు లేని అర్జీ ఏమవుతుందో మనకు తెలియనిదా?

పటాలన్నీ తెరిచి పెడితే రియల్ ఎస్టేట్ వాళ్ళు వాలిపోతారని మా బావగారు అంటారు. వాళ్ళ దగ్గర పటాలు ఎప్పుడో ఉన్నాయి, లేనిది మన దగ్గరే. అయితే ఆయన భయంలో ఒక నిజం ఉంది. చేను ఆకారం, వాగు, చెరువు అందరికీ కనపడాలి. రైతు పేరు, ఫోన్ నంబరు, ఏ సీజన్‌లో ఏం వేశాడు, ఎంత అప్పు ఉంది అన్నవి కనపడకూడదు. విత్తనాల వాడు, మందుల వాడు ఫోన్ చేసి విసిగించడానికి కాదు మనం వివరాలు ఇచ్చింది. ఈ గీత ఎక్కడ గీయాలన్నది అధికారులే కూర్చుని తేల్చేస్తే ఒప్పుకోకూడదు, రైతు సంఘాలను పిలవాలి.

మా పీజీఎస్ గ్రూపులో ఐదుగురం ఈసారి తొలకరికి ముందే వాగు వెంబడి పైనుంచి కింద దాకా నడుస్తున్నాం. ఎక్కడ నీళ్ళు మళ్ళుతున్నాయి, ఎక్కడ పూడిపోయింది, ఎవరి చేలో కలిసిపోయింది అని ఎల్‌పీ నంబర్లతో సహా రాసుకుని గ్రామసభలో పెడతాం. మీ ఊళ్ళో కూడా చేయాలనుకుంటే, ఏమేం రాసుకోవాలో వీడియోలో తొమ్మిదో నిమిషం నుంచి ఉంది, చూడండి.