బాలసంరక్షణము: జ్వరము మాన్పినదేది?

బిడ్డకు జ్వరము వచ్చిన యింట మందులకు కొదవ యుండదు. పొరుగింటివా రొక కషాయము చెప్పుదురు; అత్తగారు తడిగుడ్డ వేయు మందురు; పట్టణమునుండి వచ్చిన వదినె రెండు సిరపులను మార్చి మార్చి పోయు మనును. "మా పిల్లవానికి దీనితోనే తగ్గినది" యను మాట అందఱి నోటను వినవచ్చును. వారిలో నెవ్వరును అబద్ధమాడుట లేదు. మందు పోసిన మాట నిజము. జ్వరము తగ్గిన మాటయు నిజము. ఆ రెంటికిని సంబంధ మున్నదా యనునదియే ప్రశ్న. "పరిశోధనలలో రుజువైనది" యని ప్రకటనలు చాటునపుడును మన మీ ప్రశ్ననే వేయవలసియున్నది. దాని నెట్లు వేయవలయునో యీ మాసమున విచారింతము.

మన పెద్దలు కాకతాళీయన్యాయ మని యొకటి చెప్పిరి. తాటిచెట్టుపై కాకి వ్రాలినది. ఆ క్షణముననే పండు రాలినది. చూచినవాడు కాకియే పండును రాల్చినదనుకొనును. పండో, రాలుటకు సిద్ధముగనే యుండెను. పిల్లలకు వచ్చు జ్వరములలో బెక్కు వైరసులచే వచ్చి, కొలది దినములలో తమంతట తామే తగ్గిపోవును. జ్వరము మిక్కిలి హెచ్చిననాడే మనము క్రొత్త మందు వెదకుదుము. కావున మూడవనాడు పోసిన మందు నాలుగవనాటికి పేరు సంపాదించుకొనును.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకము లని కలవు. మందున్నచోట గుణము కనబడుట అన్వయము. మందు లేనిచోట గుణము కనబడకుండుట వ్యతిరేకము. మనము సాధారణముగా అన్వయమును మాత్రమే చూచి తృప్తిపడుదుము. వ్యతిరేకమును గూడ చూచుట మంచి పరిశోధనకు మొదటి లక్షణము. ఒకే విధమగు జ్వరము గల బిడ్డలను జట్లుగా జేసి, ఒక జట్టునకు మందిచ్చి, మఱియొక జట్టునకు ఇయ్యకయో, వేఱొక మందిచ్చియో పోల్చి చూడవలయును. ఏ బిడ్డ యే జట్టున జేరవలయునో చీట్లు వేసి నిర్ణయించుట రెండవ లక్షణము. వైద్యుడే యేరినచో, త్వరగా కోలుకొను బిడ్డలను తనకు నమ్మకమైన మందు పక్షమున దెలియకయే చేర్చవచ్చును. ఏ సీసాలో నేమున్నదో తల్లికిని, పరీక్షించువారికిని తెలియకుండుట మూడవది. మంచి మందు పోసితిమను నమ్మకము గల తల్లికి బిడ్డ మొగము తేటగా గనబడును గదా! బిడ్డల సంఖ్య చాలినంత యుండుటయు, నడుమ మానివేసినవారి లెక్కను దాచకుండుటయు నాలుగవది. ఇక నైదవది, మనవంటివారికి ముఖ్యమైనది: వారు కొలిచిన దేమి?

ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరమున 156 మంది బిడ్డలపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనను చూడుడు. పారాసిటమాల్ ఒక్కటియే, ఐబుప్రొఫేన్ ఒక్కటియే, రెండును గూడ, అని మూడు జట్లు చేసి, ఉత్తుత్తి మందును గూడ వాడి, ఎవరి కేది యందినదో తెలియకుండ జూచిరి. మొదటి దినమున రెండు మందులును పొందిన బిడ్డలు, పారాసిటమాల్ మాత్రము పొందినవారికంటె నాలుగు గంటలకు పైగా తక్కువసేపు జ్వరముతో నుండిరి. ఇంతమాత్రమే చదివినవారు రెండును పోయవలె నందురు. కాని బిడ్డ బాధ తగ్గినదా యని చూడగా మేలేమియు గానరాలేదు. అది తేల్చుటకు బిడ్డల సంఖ్య చాలదనియు వారే వ్రాసిరి. థర్మామీటరు దిగుట వేఱు, బిడ్డ సుఖపడుట వేఱు. తమ పరిశోధనలోని కొఱతను తామే చెప్పుకొనువారి మాట మఱింత నమ్మదగినది.

ఈ విచారణ ప్రాణములతో ముడిపడినదని తెలుపు నుదాహరణ మాఫ్రికాలో గలదు. తీవ్రజ్వరముతో రక్తప్రసరణము క్షీణించి, స్పృహ తగ్గియో ఊపిరి భారమయ్యో ఉన్న బిడ్డకు సెలైను వేగముగా నెక్కింపవలయునని వైద్యులు చిరకాలముగా నమ్మియుండిరి. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశములలోని ఆరు ఆసుపత్రులలో 2009 మొదలు 2011 వరకు 3,141 మంది బిడ్డలకు చీట్లు వేసిరి. ఒక జట్టునకు సెలైను, ఒక జట్టునకు ఆల్బుమిన్ ద్రవము వేగముగా నెక్కించిరి. మూడవ జట్టునకు అట్లు చేయలేదు. తక్కిన చికిత్స అందఱికిని జరిగినది. 48 గంటలలో మొదటి రెండు జట్లలో నూటికి 10.5, 10.6 వంతునను, మూడవ జట్టులో నూటికి 7.3 వంతునను బిడ్డలు మరణించిరి. ఈ భేదమును జూచి, అనుకొన్న సంఖ్య నిండకమునుపే పరిశోధన నాపివేసిరి.

ఇందు విచిత్రమేమనగా, మొదటి గంట గడచునప్పటికి రక్తప్రసరణము బాగుపడినట్లు కనబడినవారు ద్రవ మెక్కించిన జట్లలోనే యెక్కువ. మంచము ప్రక్క నిలుచున్నవారి కన్ను "మేలు జరిగిన" దనియే చెప్పును. లెక్కయే దానిని సరిదిద్దినది. ఈ పరిశోధనలో ఎవరి కేది యిచ్చినదియు మఱుగుపఱుపలేదు. అయినను మరణము చూపరుల యభిప్రాయమునుబట్టి మాఱునది కాదు. విరేచనములతో నీరు పోయిన బిడ్డల నిందు చేర్చుకొనలేదు. కావున అట్టి బిడ్డకు ద్రవము కూడదని దీనినుండి తీయరాదు. ఫలితమెంత ముఖ్యమో, అది యే బిడ్డలకు వర్తించు ననునదియు నంత ముఖ్యము.

కీడు నెఱుగుటకు చీట్లు వేయుట యన్నివేళల ధర్మము గాదు. కాలేయమును, మెదడును చెఱచు నొక వ్యాధిని 1963లో ఆస్ట్రేలియా వైద్యుడగు రేయ్, ఆయన సహచరులు వర్ణించిరి. తరువాత అమెరికాలో ఆ వ్యాధి వచ్చిన బిడ్డలను, ఫ్లూ, ఆటలమ్మ వంటివి వచ్చియు ఆ వ్యాధి రానివారితో పోల్చగా, మొదటివారిలో ఆస్పిరిన్ వాడినవారు మిక్కిలి యెక్కువగా నుండిరి. తల్లుల జ్ఞాపకమును నమ్మరాదని కొంద ఱాక్షేపించిరి. మఱింత జాగరూకతతో మరల విచారింపగా నదియే తేలినది. 1986లో ఆస్పిరిన్ సీసాలపై హెచ్చరిక నచ్చొత్తుట విధియైనది. అచ్చట 1979-80లో 555 మంది కా వ్యాధి సోకగా, 1987 మొదలు 1997 వరకు ఏ యేటను 36 మందికి మించలేదు. కావుననే వైద్యుడు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప జ్వరమునకు బిడ్డలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు.

సోదరీమణులారా, ఇదంతయు డాక్టరుతో వాదించుటకు గాదు, అడుగుటకు. దేనితో పోల్చిరి? చీట్లు వేసిరా? ఎందఱు బిడ్డలు? ఏమి కొలిచిరి? మా బిడ్డవంటి బిడ్డలేనా? ఈ యైదు ప్రశ్నలకు నిలువని మందు ఎంత పేరు గలదైనను సందేహింపదగినదే. అయినను అపాయ మెదుట నున్నపుడు విచారణకు సమయము గాదు. మూడు నెలలలోపు శిశువునకు 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను, ఏ యీడు బిడ్డయైనను మగతగా పడియున్నను, ఊపిరికి కష్టపడుచున్నను, పాలు నీళ్లు త్రాగకున్నను, మూర్ఛ వచ్చినను, ఒంటిపై నొక్కినను పోని మచ్చలు కనబడినను, ఆలస్యము చేయక వైద్యునికడకు గొనిపోవలయును. జ్వరపు బిడ్డ ప్రక్క మేలుకొనియుండు తల్లి కన్నులకు ప్రేమ సహజముగ నున్నది. దానికి వివేకము గూడ తోడగుగాక.