నల్లూ, వాయిడూ, రెండు నెలల అద్దే

మీ పాస్‌పోర్టు ఎప్పుడైనా చదివారా? వీసా స్టాంపులు కాదు, మొదట్లో రాష్ట్రపతి పేరు మీద ఉండే ఆ నాలుగు ముక్కలు. నేను చదివింది మొన్న ఇమిగ్రేషన్ క్యూలో గంటసేపు నిలబడ్డప్పుడే. 'లెట్ ఆర్ హిండ్రెన్స్' లేకుండా ఈ మనిషిని పోనివ్వండి అని ఉంది. లెట్ అంటేనే పోనివ్వడం కదా, అది లేకుండా పోనివ్వడమేమిటి? తీరా వెతికితే ఆ లెట్ వేరట. పాత ఇంగ్లీషులో అడ్డంకి అని అర్థం. టెన్నిసులో సర్వీసు నెట్టుకి తగిలితే అంటారే, ఆ లెట్టు. అంటే మన 'అడ్డూ ఆటంకమూ' అన్నమాట.

ఇంగ్లీషు దస్తావేజుల నిండా ఇలాంటి జంటలే. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కొన్నాళ్ళకి కోర్టులో వాదన ఫ్రెంచి, రాత లాటిన్, జనం నోట ఇంగ్లీషు అయి కూచుంది. ఏది ఎవరికి తెలుస్తుందో అని రెండేసి మాటలు పక్కపక్కన పెట్టేవారని చెబుతారు. 'విల్ అండ్ టెస్టమెంట్'లో విల్ ఇంగ్లీషు, టెస్టమెంట్ లాటిన్. వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని 1362లో చట్టం వచ్చినా జంటలు విడిపోలేదు. మనవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? క్రయ దస్తావేజుల్లో 'హక్కు భుక్తములు' చూడండి. హక్కు అరబ్బీ, భుక్తం సంస్కృతం.

ఈ గోలంతా నాకెందుకంటే, దీనివల్ల డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి. కొన్నేళ్ళ క్రితం బెంగుళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేశాను. పది నెలల అద్దె అడ్వాన్సు. ఇంటాయన రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. బెదురుతాడు కదా అని నెట్లో నమూనాలు చూసి గంభీరమైన ఉత్తరం ఒకటి వండాను. అందులో 'అగ్రిమెంటు నల్ అండ్ వాయిడ్' అని రాశా. వినడానికి ఎంత బరువుగా ఉందో! జవాబు ఆయన అల్లుడు రాశాడు, లాయరట. "అగ్రిమెంటే చెల్లదని మీరే అంటున్నారు, ఇక అడ్వాన్సు తిరిగివ్వాలన్న షరతు మాత్రం ఎలా చెల్లుతుంది?" అని. నా నోట మాట లేదు. పెయింటింగు పేరు చెప్పి రెండు నెలల అద్దె కోసుకుంటే కిక్కురుమనకుండా మిగతాది తెచ్చుకున్నా. ఒప్పందం చెల్లదని తేలినా పుచ్చుకున్నది తిరిగివ్వాలని 1872 కాంట్రాక్టు చట్టం 65వ సెక్షనులో ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. ఏం లాభం?

నేను చెప్పదలుచుకున్నది 'గడువు ముగిసింది' అని. 'టెర్మినేట్' ఒక్కటి చాలు. ఒకే పని చేసే ఫంక్షన్లు రెండు కనబడితే కోడ్ రివ్యూలో ఏకిపారేసే నేను, ఉత్తరం దగ్గరకొచ్చేసరికి జంటమాట కనబడితే చాలు, అర్థం చూడకుండా అతికించేశాను.

అలాగని కనబడ్డ జంటనల్లా విడగొట్టమనను. 'కండిషన్స్ అండ్ వారంటీస్' చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ, 1930 సరుకుల అమ్మకం చట్టం ప్రకారం కండిషన్ తప్పితే బేరమే రద్దు చేసుకోవచ్చు, వారంటీ తప్పితే నష్టపరిహారం మాత్రమే. అక్కడ ఒకటి కొట్టేస్తే కొంప మునుగుతుంది. 'ఈచ్ అండ్ ఎవ్రీ'లో ఏది కొట్టేసినా ఎవరికీ ఏమీ కాదు. మా టీములో కుర్రాళ్ళ మెయిళ్ళలో అది కనబడితే ఒకటి తీసేస్తుంటాను. చాదస్తం అనుకుంటున్నారని తెలుసు.