గండికోట గుడారాల్లో మన పిల్లలకు పనేది?

జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన లోయ. శని, ఆదివారాలు వస్తే లోయ అంచున గుడారాలు లేస్తాయి, బెంగళూరు, హైదరాబాదు కార్లు నిలుస్తాయి. తెల్లారితే కొండెక్కుడు, కయాకింగ్. సోమవారానికి మళ్ళీ కొండగాలీ, మేకల మందలూ! ఆ ప్రశాంతత కోసమేనట వాళ్ళొచ్చేది. రానీయండి, మంచిదే. మరి ఆ డబ్బులో ఊరి వాటా ఎంత?

అదే పెన్నా మీది గండికోట జలాశయాన్ని 2020లో నింపుతుంటే తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి పోయారు. ఊరు పోగొట్టుకున్న ఆ ఇళ్ళ పిల్లలకు ఇక్కడ గైడు పనో, పడవ పనో ముందు దక్కాలా, వద్దా? పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా డిగ్రీలు చేతబట్టుకుని తిరుగుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ప్రశ్న మీదే.

గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. భవనాలు లేస్తాయి, సరే. కొండెక్కించడంలో, నీళ్ళలో పడ్డవాణ్ణి కాపాడటంలో స్థానిక యువతకు శిక్షణ ఇవ్వాలి. గుడారాల కాంట్రాక్టులో స్థానికులకు ఇన్ని ఉద్యోగాలని అంకె వేసి రాయాలి. టెండరు పిలవకముందే అడగాలి, పిలిచాక కాదు.