‘పుల్ అప్’ అన్నదెవరు?

2016లో వచ్చిన ‘సల్లీ’ చూశారు కదూ? క్లింట్ ఈస్ట్‌వుడ్ డైరెక్షన్, టామ్ హాంక్స్ హీరో. రెండు ఇంజన్లూ ఆగిపోయిన విమానాన్ని హడ్సన్ నదిమీద దించే ఆ సీన్లో, పైలట్లిద్దరివీ కాక మరో గొంతు ‘టెరెయిన్! టెరెయిన్! పుల్ అప్!’ అని ఒకటే పోరు పెడుతుంది. అది కంట్రోల్ టవర్ వాళ్ళది అనుకునేవాళ్ళే ఎక్కువ. కాదు మహాశయా! విమానంలోనే వున్న ఓ పెట్టెది. డైరెక్టరుగారి కల్పనా కాదు. 2009 జనవరి 15న అసలు కాక్‌పిట్‌లో రికార్డయిన మాటల్లోనూ ఆ కేకలున్నాయి. నేల దగ్గరికొచ్చేస్తోంది, పైకి లేపు అని దాని గోల. ఇంజన్లు చచ్చాయని దానికేం తెలుసు పాపం!

ఈ పెట్టె సృష్టికర్త డాన్ బేట్‌మన్ అనే కెనడా ఇంజనీరు. ఆ రోజుల్లో ఏ లోపమూ లేని విమానాలు, పైలట్ చెప్పినట్టు వింటూనే, మబ్బులోనో చీకట్లోనో వెళ్ళి కొండకు గుద్దుకునేవి. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టి.డబ్ల్యు.ఏ. విమానం అలాగే కూలి 92 మంది పోయారు. దాంతో పెద్ద విమానాల్లో ఈ పెట్టె వుండి తీరాలని అమెరికా ప్రభుత్వం రూలు పెట్టింది.

పనిచేసే తీరు సులువే. విమానం పొట్ట కిందనుంచి రేడియో తరంగాలు నేలను తాకి తిరిగొస్తాయి. ఎంతసేపట్లో వచ్చాయో చూసి, నేల ఎన్ని అడుగుల్లో వుందో లెక్క కడుతుంది. ఆ దూరం మరీ జోరుగా తరిగిపోతే అరుస్తుంది.

తిరకాసు ఇక్కడే వుంది. పెట్టె చూసేది కిందికి. కొండ వుండేది ఎదురుగా!

మన హీరోకి ఆరు సెకన్లు చాలు, ఓ డైలాగు కూడా చెప్పి విమానాన్ని లేపేస్తాడు. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజీలాండ్ డి.సి.10 పైలట్లకు దొరికినవీ ఆ ఆరు సెకన్లే. అంటార్కిటికా అందాలు చూపించడానికి ఆక్లండ్ నుంచి టూరిస్టులతో వెళ్ళిన విమానమది. కంప్యూటర్లో దారి మార్చిన సంగతి పైలట్లకెవరూ చెప్పలేదు. పైన తెల్లటి మబ్బు, కింద తెల్లటి మంచు. రెండూ కలిసిపోయి, ఎదురుగా వున్న పన్నెండు వేల అడుగుల పైచిలుకు ఎరెబస్ పర్వతం కళ్ళకు ఆనలేదు. అంతవరకూ కిందంతా చదునే కనుక పెట్టెకూ అనుమానం రాలేదు. కొండవాలు పొట్ట కిందికి వచ్చాకే కూసింది. కెప్టెన్ వెంటనే పవర్ పెంచమన్నాడు. విమానంలోని 257 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

పెట్టె తప్పు చెప్పలేదు, ఆలస్యంగా చెప్పింది, అంతే. అందుకని బేట్‌మన్ 1990ల్లో లోకంలోని కొండలన్నిటినీ దానికి కంఠతా పట్టించే పనిలో పడ్డాడు. సోవియట్ యూనియన్ కూలిపోయాక అక్కడి రహస్య మ్యాపులు కూడా కొనిపించాడట! గూఢచారి సినిమాకి పనికొచ్చే కథ, మన రచయితలెవరూ ఇంకా కన్నెయ్యలేదు. ఈ కొత్త పెట్టె ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో తెలుసుకుని, ముందున్న కొండను మ్యాపులో చూసుకుని, సుమారు నిమిషం ముందే హెచ్చరిస్తుంది. అర నిమిషం ముందు ‘పుల్ అప్’ అంటుంది. ‘సల్లీ’లో మీరు విన్నది దీని గొంతే. బేట్‌మన్ 2023లో, 91 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.